పూజ మర్నాటి చుక్కలు

కోరాపుట్ మంచు వల్ల ఆ యంత్రం సరిగ్గా పనిచేయలేకపోయిందని ఒక నివేదికలో అచ్చయి ఉంది. అది పచ్చి అబద్ధం. ఆ యంత్రాన్ని నడిపినదాన్ని నేను కాబట్టి చెబుతున్నాను. మంచుతో నాకు ఏ గొడవా లేదు. దాన్ని ఎప్పుడో దారికి తెచ్చుకున్నాను. నా గొడవంతా మనుషులతో. వాళ్ళలో మా నాన్న కూడా ఉన్నాడు. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

యంత్రం అంటే మరీ పెద్దదేం కాదు. గోడవార ఒక బల్ల మీద పట్టేస్తుంది. ఆఫీసుల్లో కాగితం మీద అక్షరాలు కొట్టే ఇంక్‌జెట్ ప్రింటర్ అందరూ చూసే ఉంటారు, ఇదీ ఆ జాతిదే. కాకపోతే దీనిలో పోసేది నల్ల సిరా కాదు, వెండి. వెండిని కంటికి ఆననంత మెత్తగా పొడి చేసి ద్రవంలో కలిపిన ఇంకు. ప్రింట్ హెడ్ అనే చిన్న దిమ్మ అడుగున వెంట్రుక కన్నా సన్నటి రంధ్రాలు వరసగా ఉంటాయి. వాటిని నాజిళ్ళంటారు. వాటిలోంచి వెండి చుక్కలు చుక్కలుగా కిందనున్న ప్లాస్టిక్ పొర మీద పడతాయి. చుక్క పక్కన చుక్క పడి, ఒకదాన్నొకటి అంటుకుని గీత అవుతుంది. ఆ పొరను వేడి చేస్తే గీత కాస్తా తీగ అవుతుంది. కరెంటు పారుతుంది.

మేం తయారు చేసేది అల్లం పొలాల కోసం ఒక పట్టీ. నందపూర్ వైపు రైతులకు వానాకాలంలో అల్లం దుంప నేలలోనే కుళ్ళిపోతుంది. పైకి ఆకు పచ్చగానే ఉంటుంది, లోపల పంట పోయి ఉంటుంది. మట్టిలో ఆ పట్టీ గుచ్చితే తడి ఎంత ఉందో చెబుతుంది. రెండు దువ్వెనల పళ్ళు ఒకదానిలోకి ఒకటి దూరినా తగలకుండా ఉంటే ఎలా ఉంటుందో, పట్టీ మీద వెండి గీతలు అలా ఉండాలి. ఒక్క చుక్క పక్కకి పడి ఈ పన్ను ఆ పన్నుకి తగిలిందా, పట్టీ చచ్చినట్టే.

చుక్క పక్కకి పడకుండా చూడటమే నా ఉద్యోగం. నవ్వులాటగా అనిపిస్తుంది గానీ, నా చదువు, నా జీతం, నా పొగరు అన్నీ దాని మీదే నిలబడ్డాయి.

మా ల్యాబు కోరాపుట్ ఊరి చివర, కొండ వాలులో ఉండేది. యంత్రాన్ని బిగించడానికి కంపెనీ తరఫున ఒక ఇంజనీరు వచ్చాడు. బిగించాడు, చలికి వణికాడు, వెళ్ళిపోయాడు. ఆయన పోయాక చూస్తే గీతలన్నీ తాగినవాడి నడకలా ఉన్నాయి. మా ల్యాబు పెద్దను నేను సార్ అనేదాన్ని. ఒడియా ఆయన. సౌమ్యుడు, అందరితో మంచి అనిపించుకోవాలని తపించే మనిషి. యంత్రం దగ్గరకు మాత్రం ఫోటోలు దిగడానికే వచ్చేవాడు. నువ్వు చూసుకోమ్మా అన్నాడు. చూసుకున్నాను.

మొదట ఫ్యాను పట్టుబడింది. ల్యాబులో ఒక గుమస్తా ఉండేవాడు, పార్వతీపురం వైపు మనిషి. కోరాపుట్ చలిలో కూడా ఆయనకు నెత్తి మీద ఫ్యాను తిరగాలి. ఆ గాలికి చుక్క దారి తప్పుతోందని నేను కనిపెట్టి ఫ్యాను ఆపించాను.

"ఏటమ్మీ, కంటికి కనపడని సుక్క కోసరం మడిసిని ఉడకబెట్టేస్తావేటి?" అని ఆయన గొడవ పెట్టుకున్నాడు.

"ఉడికితే బయటికెళ్ళి కూకోండి బాబూ. సుక్క ఎల్లలేదు, మీరెల్లగలరు" అన్నాను. ఆ తర్వాత చాలాకాలం నాతో మాట్లాడలేదు. ఫ్యాను మాత్రం తిరగలేదు.

తర్వాత గూడ్సు బండ్లు. కింద లోయలో రైలు పట్టాలున్నాయి. ఖనిజం మోసే బండి పోతుంటే మాకు చప్పుడు కూడా వినపడేది కాదు, బల్ల మాత్రం వణికేది. లారీ టైర్ల రబ్బరు కోయించి బల్ల కాళ్ళ కింద వేశాను. హెడ్డుకీ పొరకీ మధ్య ఎడం తగ్గించాను. చుక్క గాలిలో ఎంత తక్కువ దూరం పోతే అంత తక్కువ తప్పుతుంది. కానీ మరీ తగ్గిస్తే హెడ్డు పొరను గీరేస్తుంది. ఆ సందు కుదరడానికి ఒక వానాకాలం పట్టింది. ఆ తర్వాత మంచు. తేమ గాలికి పొర మీద చుక్క ఆరదు, పక్క చుక్కతో కలిసి ఉబ్బుతుంది. యంత్రం చుట్టూ ప్లాస్టిక్ తెరలు కట్టి, లోపల తేమ లాగే గుళికలు పెట్టి, పొర కింద పలకను గోరువెచ్చగా ఉంచాను. మంచు బయట ఉండిపోయింది. కిటికీలోంచి చేయి బయట పెడితే వేళ్ళు కనిపించని పొద్దుల్లో కూడా నా గీతలు గీసినట్టు వచ్చేవి.

అన్నిటికన్నా మొండివి నాజిళ్ళు. ఒక్కోదానికి ఒక్కో బుద్ధి. ఒకటి నిటారుగా వదులుతుంది, ఒకటి ఎడమకి, ఒకటి ఆలస్యంగా. రోజూ పొద్దున్నే ఒక ముక్క మీద అన్నిటితో చుక్కలు వేయించి, సూక్ష్మదర్శినిలో చూసి, ఏది ఎటు వాలుతోందో దానికి తగ్గట్టు కంప్యూటర్లో సవరణ ఇచ్చేదాన్ని. మరీ వంకరవాటిని ఆ రోజుకి పనిలోంచి తీసేసేదాన్ని. మా అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరినట్టే. ఓపిక ఉంటే చాలు, తెలివి పెద్దగా అక్కర్లేదు. కానీ ఆ ఓపిక ల్యాబులో ఇంకెవరికీ లేదు.

వాటికి ఒకే ఒక నియమం. ఎండనివ్వకూడదు. పని లేనప్పుడు హెడ్డు కింద తడి మూత ఉండాలి. యంత్రం ఆపకూడదు. మధ్యమధ్య తనంతట తానే నాలుగు చుక్కలు ఉమ్ముతూ నాజిళ్ళను తడిగా ఉంచుకుంటుంది. మూత తీసి, కరెంటు ఆపి వదిలేస్తే నాజిల్ అంచున వెండి గడ్డకడుతుంది. పూర్తిగా మూసుకుపోయినా నయమే, దాన్ని వదిలేయొచ్చు. సగం మూసుకుంటే చుక్క ఏటవాలుగా, ఒక్కోసారి ఒక్కో దిక్కుకి పడుతుంది. దానికి ఏ సవరణా పనిచేయదు. ఈ సంగతి యంత్రం మీదే అట్ట ముక్క మీద రాసి అంటించాను, ఒడియాలో, ఇంగ్లీషులో.

ఆ ఏడు భువనేశ్వర్ నుంచి పెద్దలు వస్తున్నారని కబురొచ్చింది. ఇలాంటి సున్నితమైన యంత్రం కోరాపుట్ లాంటి చోట ఉండటం దండగ, రాజధానికి తెప్పించుకుందాం అని అక్కడ ఎవరో లేవనెత్తారట. వాళ్ళ కళ్ళ ముందు మేం పట్టీలు కొట్టి చూపించాలి. పట్టీలు బాగుంటే యంత్రం ఇక్కడే ఉంటుంది, నా ఉద్యోగం కొనసాగుతుంది. లేకపోతే యంత్రం వెళ్ళిపోతుంది. నాది కాంట్రాక్టు ఉద్యోగం, యంత్రం ఉంటేనే నాకు కుర్చీ.

నాకు భయం వేయలేదు. నిజం చెప్పాలంటే వాళ్ళు ఎప్పుడొస్తారా అని ఎదురు చూశాను. రాయగడలో మున్సిపాలిటీ వాళ్ళ వీధిలో పుట్టినదాన్ని. కాలేజీలో నా ఒడియాకి ఒడియా వాళ్ళు నవ్వేవారు, నా తెలుగుకి విశాఖపట్నం నుంచి వచ్చినవాళ్ళు నవ్వేవారు. ఇక్కడ ఏ సున్నితమైన పనీ జరగదు అనే మాట చిన్నప్పటినుంచీ విని విని చెవులు తూట్లు పడ్డాయి. ఒక్కసారి ఆ దువ్వెన పళ్ళు వాళ్ళకి చూపించాలి. అంతే నా కోరిక.

వాళ్ళు రావడానికి సార్ ఒప్పుకున్న రోజు ఏదనుకున్నారు? విశ్వకర్మ పూజ మర్నాడు.

ఈ పూజ సంగతి మా వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆటో నుంచి రంపం మిల్లు దాకా ఇనుము అనేది ఏదున్నా ఆ రోజు కడిగి, పసుపు రాసి, దండ వేసి కూర్చోబెడతారు. మళ్ళీ మర్నాడు పొద్దున్న దాకా ఎవరూ ముట్టుకోరు. జేకేపూర్ కాగితం మిల్లు కాలనీలో పందిళ్ళు చూడటానికి చిన్నప్పుడు మేం కొత్త బట్టలు కట్టుకుని వెళ్ళేవాళ్ళం. మా నాన్న నాగావళి ఒడ్డున నీళ్ళ పంపుహౌసులో ఆపరేటరు. ఆయనకి ఏడాది మొత్తంలో పండగ అంటే అదొక్కటే. ఆ రోజు పంపుకి సెలవు. మా వీధిలో ఆడవాళ్ళు ముందు రోజే బిందెలు, బకెట్లు, చివరికి అన్నం గిన్నెలు కూడా నింపి పెట్టుకునేవారు. ఒక్కరూ సణిగేవారు కాదు. మిషను కూడా మనిషిలాంటిదే అని మా నాన్న అంటే అందరూ అవునని తలూపేవారు. నేనూ ఊపాను. పంపుకి ఒక రోజు విశ్రాంతి మంచిదే మరి. పంపు ఎండిపోదు.

సార్‌తో ముందే మాట్లాడాను. పూజ చేసుకోండి, దండ వేసుకోండి, నాకేం అభ్యంతరం లేదు, కరెంటు మాత్రం ఆపొద్దు, మూత తీయొద్దు అన్నాను.

"కిచ్ఛి హెబొ నాహి" అన్నాడు ఆయన. ఏమీ కాదులే అని. ఒడియాలో ఆ మాటకున్నంత హాయి నాకు ఇంకే మాటలోనూ కనబడలేదు. దాని వెనక ఎంత నష్టమైనా దాక్కోగలదు.

పూజ పొద్దున్న మా నాన్న రాయగడ నుంచి తొలి బండికే దిగాడు. అప్పటికి పదవీ విరమణ అయింది. తన పంపుహౌసు పూజ కుర్రాళ్ళకి అప్పజెప్పి, కూతురి యంత్రం పూజకి వచ్చాడు. చేతిలో కొబ్బరికాయలు, బూందీ పొట్లం. ఇస్త్రీ చొక్కా. నా కడుపు నిండిపోయింది, అబద్ధమెందుకు. మా నాన్నని నా పని దగ్గరికి తీసుకెళ్ళడం అదే మొదటిసారి. సార్ ఆయనను చూసి తెగ సంబరపడిపోయాడు. పూజా విధానం తెలిసిన పెద్దమనిషి దొరికాడని ముందు నిలబెట్టాడు. గుమస్తా గారు కూడా వచ్చి మా నాన్న ఊరూ పేరూ అడిగి, దూరపు చుట్టరికం ఒకటి తవ్వి తీశాడు.

సార్ కరెంటు ఆపేశాడు. నా కళ్ళ ముందే మీట నొక్కాడు. నేను అడ్డం వెళ్ళాను. పెద్దలు రేపే వస్తున్నారు, ఇది పాడైతే మీకే మాట వస్తుంది అన్నాను. ఆయన నా వైపు చూడకుండా మా నాన్న వైపు చూసి నవ్వాడు, చూశారా మీ అమ్మాయి కంగారు అన్నట్టు.

మా నాన్న యంత్రం తలుపు తెరిచాడు. పసుపు నీళ్ళు చల్లడానికి చోటు చూశాడు. దిమ్మ దగ్గర ఆగి, "ఇదేటమ్మీ, దీని మొకమెటుంది?" అన్నాడు.

"మొకమూ లేదు, ఏటీ లేదు నాన్నా. పైన రేకుకి పెట్టెయ్, సాలు."

"రేకుకి పెడతారేటి ఎక్కడైనా? పని సేసేది ఏదో దానికి పెట్టాల." గుమస్తా గారు ముందుకొచ్చి, ఇదే బాబూ పనిచేసేది అని దిమ్మ చూపించాడు. ఫ్యాను పగ ఆయన మర్చిపోలేదు. మా నాన్న వంగి తడి మూత మీద వేలు పెట్టాడు.

"నాన్నా, ఆ మూత తియ్యొద్దు. అది తీస్తే ఎండిపోద్ది. రేపు నాకు పరీచ్చ ఉంది."

"మూతేసిన మొకానికి బొట్టెక్కడ పెడతారమ్మీ?" అన్నాడు. ఎంత ప్రేమగా అన్నాడో. మూత తీసి పక్కన పెట్టి, కండువా కొసతో దిమ్మ తుడిచి, పసుపు రాసి, కుంకం పెట్టాడు. ఊదొత్తులు వెలిగించి దాని కిందే గుచ్చాడు. పొగ తిన్నగా నాజిళ్ళకి తగులుతోంది. ఫోటోలు తీశారు. ఆ ఫోటోల్లో నేనొక్కదాన్నే ముఖం మాడ్చుకుని ఉన్నాను.

హారతి అయ్యాక మూత పెట్టబోయాను. మా నాన్న నా చేయి పట్టుకున్నాడు. "పూజ సేసిన మిషన్ని మర్నాడు దాకా ముట్టుకోకూడదు. నీకు తెల్దేటి? నా ఇంట్లో పుట్టి అదీ తెల్దేటి?" అన్నాడు. ఈసారి గొంతులో ప్రేమ లేదు. సార్ అవునవునన్నాడు. అందరూ నా వైపు చూస్తున్నారు, దేవుడి మీద కాలు వేసినదాన్ని చూసినట్టు. అయినా చేయి విడిపించుకుని అడుగు వేశాను. సార్ మర్యాదగానే అందరినీ బయటికి పిలిచి, తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. ఆయన ఆ పూటే జయపురంలో చుట్టాలింటికి భోజనానికి పోయాడు. నేను ఫోన్ మీద ఫోన్ చేశాను. ఎత్తలేదు. మా నాన్న మధ్యాహ్నం బండికి వెళ్ళిపోతూ, ఇంక భయం లేదమ్మీ, రేపు సూడు అన్నాడు.

రేపు చూశాను.

తలుపు తీయగానే ఊదొత్తుల బూడిద పలక మీద రాలి కనిపించింది. దిమ్మ అడుగు మసకబారింది. చుక్కలు వేయించాను. కంప్యూటర్ తెర మీద వాటిని చూస్తుంటే ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. వరసగా దిగాల్సిన చుక్కలు జాతరలో జనంలా ఎటు పడితే అటు పోతున్నాయి. కడిగే ద్రవంతో కడిగాను. ఇంకు గట్టిగా తోసి నాజిళ్ళు విడిపించబోయాను. కొన్ని తెరుచుకున్నాయి. తెరుచుకున్నవాటిలో కొన్ని మళ్ళీ వంకరగా వదిలాయి. మామూలుగా అయితే ఆ దిమ్మను నానబెట్టి, నిదానంగా రోజుల తరబడి మరమ్మతు చేయాలి. బయట జీపులు ఆగిన చప్పుడైంది.

పెద్దలు వచ్చారు, టీలు తాగారు. పట్టీలు కొట్టాను. ఉన్నవాటిలో నిటారుగా ఉన్న నాజిళ్ళను ఏరి, వాటితోనే కొట్టాను. మొదటి పట్టీలో గీతలు వచ్చాయి, పళ్ళు తగులుకున్నాయి. రెండోదీ అంతే. మూడోది సగం దాకా చక్కగా వచ్చి, అక్కడ ఒక్క చుక్క పక్కకి దూకింది. మీటరు పెట్టి చూస్తే అన్నీ చచ్చిన పట్టీలే. వచ్చినవాళ్ళలో ముఖ్యుడు కళ్ళజోడు పైకెత్తి పట్టీని వెలుతురుకి పెట్టి చూశాడు. నిన్నటి దాకా కొట్టిన మంచి పట్టీలు పెట్టె నిండా ఉన్నాయి, తెచ్చి బల్ల మీద పెట్టాను. ఆయన వాటిని ముట్టుకోలేదు. మేం ఉన్నప్పుడు రావాలి కదా మేడం అన్నాడు.

ఏమిటి కారణం అని ఆయన సార్‌ని అడిగాడు.  సార్ కిటికీ వైపు చూశాడు. బయట నిజంగానే మంచు పట్టి ఉంది. "ఇక్కడి వాతావరణం సార్. మంచు. తేమ మా చేతిలో లేదు కదా" అన్నాడు.

నేను ఊరుకోలేదు. ఊరుకునే రకాన్ని కాను. "మంచు కాదండీ. మంచులోనే ఏడాదిగా కొడుతున్నాను. నిన్న పూజకి యంత్రం ఆపేశారు, మూత తీసి వదిలేశారు. నాజిళ్ళు ఎండిపోయాయి. నాకు దిమ్మను బాగుచేసుకునే వ్యవధి ఇస్తే మళ్ళీ చూపిస్తాను" అన్నాను. నా ఇంగ్లీషు ఆ రోజు ఎక్కడా తడబడలేదు.

 ముఖ్యుడు నా వైపు తిరిగాడు. నుదుట బొట్టు ఉంది, మణికట్టుకి ఎర్ర దారం ఉంది. "పూజ చేయడం తప్పంటారా మేడం?" అన్నాడు.

"పూజ తప్పని నేననలేదు. మూత తీయడం తప్పన్నాను."

ఆయన చిరునవ్వు నవ్వాడు. మిగతావాళ్ళూ నవ్వారు. సార్ కూడా నవ్వాడు, పాపం చిన్నపిల్ల అన్నట్టు. తమ దగ్గర కూడా నిన్న పూజ ఘనంగా జరిగిందని, అక్కడ యంత్రాలకేమీ కాలేదని ఒకాయన అన్నాడు. ఏ యంత్రాలు అని నేనడిగితే ఆయన టీ కప్పు అందుకున్నాడు. తర్వాత అందరూ మంచు గురించి మాట్లాడుకున్నారు. ఎంత హాయిగా మాట్లాడుకున్నారో చెప్పలేను. కోరాపుట్ మంచు ఎవరి బంధువూ కాదు, ఎవరి మనసూ నొప్పించదు, ఎదురు చెప్పదు. దాని మీద ఏదైనా వేయొచ్చు.

నివేదికలో అదే వచ్చింది. దక్షిణ ఒడిశా కొండ ప్రాంతాల తేమ ఇంత సున్నితమైన ముద్రణకి అనుకూలం కాదు అని. నా తెరలు, నా గోరువెచ్చని పలక, నాజిల్ నాజిల్‌కీ నేనిచ్చిన సవరణలు, వాటి ఊసు ఒక్క ముక్క లేదు. దిమ్మ బాగయ్యాక కొట్టిన పట్టీలు పంపించాను. చేరాయో లేదో తెలియదు. అల్లం రైతుల మాట కూడా ఎవరూ ఎత్తలేదు.

యంత్రాన్ని తీసుకుపోవడానికి లారీ వచ్చిన రోజు సార్ నన్ను పిలిచి, సవరణలన్నీ కంప్యూటర్లో సర్ది ఇవ్వమ్మా, అక్కడివాళ్ళకి పనికొస్తాయి అన్నాడు. ఇచ్చాను. ఇవ్వకుండా ఉండాలని ఎంతో అనుకున్నాను. చేతకాలేదు. అది ఎక్కడున్నా చుక్కలు వంకరగా వేస్తుందంటే నేను భరించలేను, ఆ మాట సార్‌కి కూడా తెలుసు. మూతను మాత్రం నేనే బిగించి, మీద టేపు చుట్టాను.

ఇప్పుడు నేను రాయగడలో, స్టేషన్ రోడ్డులో ఒక ఫ్లెక్సీ షాపులో పని చేస్తున్నాను. ఫ్లెక్సీ మిషను కూడా ఇంక్‌జెట్టే. అదే పద్ధతి, అవే నాజిళ్ళు, అవే చుక్కలు. కాకపోతే దీని మీద పడే చుక్క ఎటు పడినా అడిగే నాథుడు లేడు. రోడ్డు మీదనుంచి చూసేవాడికి నాయకుడి మీసం ఒక పక్క కాస్త చెదిరినా ఏం తెలుస్తుంది? మొదట్లో నేను అలవాటు కొద్దీ సరిచేయబోయేదాన్ని. ఓనరు వచ్చి, "అమ్మీ, ఇది పెళ్ళి బేనరు, రాకెట్టు కాదు, లాగించెయ్" అనేవాడు. ఇప్పుడు లాగించేస్తున్నాను. పట్టణంలో పుట్టినరోజులు, పెళ్ళిళ్ళు, వర్ధంతులు అన్నీ నా చేతి మీదుగానే వేలాడుతున్నాయి.

మళ్ళీ విశ్వకర్మ పూజ వచ్చింది. ఆ పొద్దున్న షాపులో కాలు పెట్టే చోటు లేదు. ఆటో స్టాండువాళ్ళు, గ్యారేజీలవాళ్ళు, వెల్డింగ్ షాపులవాళ్ళు, అందరికీ బేనర్లు కావాలి. మిషను పొద్దుటినుంచి ఊపిరి తీసుకోలేదు. పంపుహౌసు బేనరు కోసం మా నాన్న కూడా వచ్చాడు, వెనక ఇద్దరు పాత స్నేహితులతో. ముగ్గురూ ఉతికిన పంచెలు కట్టుకున్నారు.

"ఇయ్యాల పూజ గదా నాన్నా. ఈ మిషన్ కూడా ఆపెయ్యనేటి?" అన్నాను.

"ఆపేస్తే మా బేనరెవలిస్తారే?" అని ఆయన గట్టిగా నవ్వాడు. స్నేహితులూ నవ్వారు. వాళ్ళలో ఒకాయన, అమ్మాయి ముందు కోరాపుట్‌లో చేసేది కదా అన్నాడు. మా నాన్న ఛాతీ ఉబ్బింది.

"ఆ మిషన్‌కిప్పుడు మంచి దశ రా. రాజధాని కెల్లిపోయింది. బువనేశ్వర్. నానే సేసేను పూజ దానికి, నా సేత్తో బొట్టెట్టేను. మర్నాడే పెద్దోలొచ్చి సూసేరు, తీసుకెల్లిపోయేరు. అదీ పూజంటే" అన్నాడు.

ఇన్నాళ్ళూ ఈయన ఇలా చెప్పుకు తిరుగుతున్నాడా అనుకున్నాను. యంత్రం పోయింది అని నేను ఇంటికొచ్చి చెప్పిన రోజు ఆయన విన్నది ఇదన్నమాట.  షాపు నిండా జనం ఉన్నారని కూడా చూడలేదు.

"నాన్నా, అది గొప్పదై ఎల్లలేదు. నువ్వు మూత తీసేసేవు, అది ఎండిపోనాది, పెద్దోల ముందర సుక్కలన్నీ వంకరగా పడ్డాయి. అందుకనే ఎత్తుకుపోయేరు. నా ఉద్దోగం పోనాది అందుకే. నీ పూజ వల్లే పోనాది."

స్నేహితులు చూపులు తిప్పుకున్నారు. ఓనరు మిషను వైపు తిరిగి ఏదో సర్దుతున్నట్టు నటించాడు.  మా నాన్న కోప్పడతాడనుకున్నాను. నాకు కావలసిందీ అదే. గొడవ పడి, ఆ మూత సంగతి, ఆ చుక్కల సంగతి అన్నీ నడిబజారులో తేల్చేసుకోవాలని ఉంది. ఆయన దగ్గరికొచ్చి నా తల మీద చేయి వేశాడు.

"దేవుడికి బొట్టెడితే మిషన్ పాడవద్దమ్మీ. అప్పటికి నీకింకా సెయ్యి తిరగలేదు, అంతే. దానికేటి? బాద పడకు. ఇక్కడ బాగానే సేస్తన్నావు గదా" అన్నాడు.

తిట్టి ఉంటే జవాబు చెప్పేదాన్ని. ఆయన నన్ను ఓదార్చాడు.